రెండు కళ్ల పెట్టె

ప్రశ్న: మాస్టారూ, మా తాతగారి యాషికా మ్యాట్ 124జీ కెమెరా అటక మీంచి దించాను. నల్లటి పెట్టె, ముందు రెండు కళ్లు, నెత్తిన మూత. ఎంత ముద్దుగా ఉందో! అందం కోసమే అలా చేశారా? మూత తీసి చూస్తే బొమ్మ కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తోంది. చెడిపోయిందంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చెడిపోలేదమ్మా. ఆ తారుమారుతో నేనూ తిప్పలు పడ్డవాణ్ణే. స్టూడియోలో చేరిన కొత్తలో ఒక పెళ్లికి పంపారు. తలంబ్రాల వేళ పెళ్లికూతురు పక్కకు జరిగింది. మూత కింది గాజు మీద ఎటు జరిగినట్టు కనిపిస్తే అటే కెమెరా తిప్పాను. ఫిలిం రోలు కడిగితే ఏముంది, పెళ్లికొడుకు భుజమూ పందిరి గుంజా!

పై కంట్లోంచి, అంటే పై లెన్సులోంచి వచ్చిన వెలుగు 45 డిగ్రీల వాలులో ఉన్న అద్దానికి తగిలి పైకి మళ్లి, గరుకు గాజు మీద పడుతుంది. ఉన్నది ఒక్క అద్దమే. అది తలకిందుల్ని సరిచేస్తుంది, కుడిఎడమల్ని వదిలేస్తుంది. ఫిలిం మీద బొమ్మ గీసేది కింది కన్ను. రెండిటి ఫోకల్ దూరమూ 80 మిల్లీమీటర్లే అయినా కిందిది ఎఫ్ 3.5, పైది 2.8. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది. ఫోకస్ చూసుకునే కన్ను కాబట్టి దానికి కాస్త ఎక్కువ వెలుగిచ్చారు. ఆ తేడా కవలపిల్లల మొహాల్లో తేడాలాంటిది, పరీక్షగా చూస్తేగాని పట్టుబడదు.

ఈ రూపం యాషికా సొంతం కాదులే. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ ఊళ్లో ఫ్రాంకె అండ్ హైడెకె వాళ్లు 1929లో తెచ్చిన రోలైఫ్లెక్స్‌ది. మన తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా చేతిలో ఉండేదీ అదే జాతి.

అందం సంగతంటావా, మూత ఎత్తు. నాలుగు రేకులూ ఒక్కసారిగా లేచి గాజు చుట్టూ నీడ కడతాయి. అదే కదలికతో వెలుగు కొలిచే లైట్ మీటరూ మేలుకుంటుంది. మూస్తే పడుకుంటుంది, వేరే స్విచ్చి లేదు. కుడిపక్క పిడి విప్పి ముందుకు ఆగేదాకా, మళ్లీ వెనక్కి ఆగేదాకా తిప్పు. ఫిలిం జరగడం, వెలుగుకు తలుపు తీసి మూసే షట్టర్ బిగియడం రెండూ ఆ తిప్పుడులోనే అయిపోతాయి. షట్టర్ స్పీడు, ఎపర్చరు (వెలుగు దూరే రంధ్రం) చక్రాలు కళ్లకు అటూ ఇటూ బొటనవేళ్లకు అందేచోట ఉంటాయి, వాటి అంకెలేమో పై కన్ను నెత్తిన, వంచిన తల ఎత్తకుండానే కనిపిస్తాయి. ముందున్న పేరు పలక తప్ప ఉత్త సోకు నాకెక్కడా కనబడలేదు.

తీసేవాడు తల వంచుకునుంటాడు గనక ఎదుటివాళ్లు బిగుసుకుపోరు. పిల్లలైతే నేను నా పొట్టలోకి చూసుకుంటున్నానని నవ్వేవాళ్లు.

లైట్ మీటరుకు వేసే పాత పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు. లేకపోయినా షట్టర్ పనిచేస్తుంది. కాసేపాగి తనే ఫొటో తీసే సెల్ఫ్ టైమర్ జోలికి మాత్రం పోకు, పాత స్ప్రింగు మధ్యలో ఆగిందంటే మెకానిక్ దగ్గరికే. మీ తేమకు తోలు కేసులో దాస్తే లెన్సుకు ఫంగస్ పడుతుంది.

ఇంకోమాట. వెనక తలుపు తీసే ముందు పక్క కిటికీలో అంకె చూడు. 1కీ 12కీ మధ్య ఏదైనా ఉంటే తాతగారి రోలు ఇంకా లోపలే ఉండొచ్చు. తెరవకు, వెలుగు తగిలితే బొమ్మలు పోతాయి. మిగిలిన ఫ్రేముల్లో మీ అమ్మగారిని తీసి, చివరిదాకా చుట్టి, అప్పుడు కడగడానికి ఇవ్వు.