ఆ సిలువ ఊళ్లో ఉండుంటే నక్క తలకు అర్థమే ఉండేది కాదు

మనుషులు తిరగని కొండమీద యుద్ధవిమానం కూలి చనిపోయినవాళ్లకు స్మారకం అక్కడే కట్టడం దేనికి, కింద ఊళ్లో కడితే నలుగురూ చూస్తారు కదా అని ఒకరు అడిగారు. ఊళ్లో కట్టకూడదండీ. కూలినచోటే కట్టాలి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను మా నాన్నని వెంటబెట్టుకుని అలాంటి చోటికి వెళ్లొచ్చాను.

మేం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాం. ఆమధ్య ఒక మే నెలలో నాన్న వైజాగ్ నుంచి వచ్చారు. ఊరికే ఇంట్లో కూర్చోలేక విసిగిపోతుంటే యార్క్‌షైర్ డేల్స్‌లో బక్డెన్ పైక్ అనే కొండకి తీసుకెళ్లాను. ఎత్తు 702 మీటర్లు. "సింహాచలం మెట్లు ఎన్నిసార్లు ఎక్కాను, ఇదెంత" అన్నారు. కానీ ఇక్కడ మెట్లుండవు. పైకెళ్లేకొద్దీ చెట్టన్నది కనబడదు, కాలు వేస్తే నల్లటి బురద, గాలికి వంగిపోయిన గడ్డి, ఎంత దూరం చూసినా రాళ్లు పేర్చిన గోడలు. మే నెలలో కూడా మంచుపొర కమ్మేసి, పది బారల అవతల ఏముందో తెలియలేదు. దారి తప్పకుండా గోడ పట్టుకుని నడిచాం.

చాలామంది శిఖరం మీదున్న సర్వే స్తంభం పక్కన ఫొటో దిగి వెనక్కి వెళ్లిపోతారు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. అక్కణ్ణించి గోడ వెంబడి దక్షిణంగా ఇంకో పావుగంట నడిస్తే తెల్లటి రాతి సిలువ ఉంటుంది. అంత దూరం వచ్చి ఆ పావుగంట నడవరు.

1942 జనవరి 30న వెల్లింగ్టన్ బాంబర్ ఒకటి మంచు తుఫానులో చిక్కుకుని ఆ కొండను ఢీకొట్టింది. లోపలున్న ఆరుగురూ పోలండ్ వాళ్లు. సొంత దేశం చేజారిపోయాక బ్రిటన్ చేరి, ఇక్కడి ఎయిర్ ఫోర్స్‌లో చేరినవాళ్లు. బాంబులు వెయ్యడానికి వెళ్తూ కూలలేదు వాళ్లు, బ్రామ్‌కోట్‌లోని శిక్షణ దళం నుంచి బయల్దేరిన విమానం అది. ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు. బ్రిటిష్ బాంబర్ దళంలో 55 వేలకు పైగా చనిపోతే, అందులో 5 వేలకు పైగా శిక్షణలోనే పోయారు. శత్రువు ముఖం చూడకుండానే, ఇలాంటి ప్రమాదాల్లో. వాళ్లకి పతకాల కథలుండవు, సినిమాలుండవు.

ఆరుగురిలో బతికి బయటపడింది ఒక్కడే, తోక చివర కూర్చునే గన్నర్ జో ఫుస్నియాక్. కాలు విరిగింది. చుట్టూ తెల్లటి మంచు, ఎటు దిగితే మనుషులుంటారో తెలియదు. ఆ మంచులో నక్క అడుగులు కనబడ్డాయి. ఆకలిగొన్న నక్క చలికాలంలో ఎటు పోతుంది? కోళ్లున్న చోటికి, మనుషులుండే చోటికి. ఆ అడుగుల్నే పట్టుకుని, పాక్కుంటూ, డేక్కుంటూ క్రే అనే చిన్న పల్లె దాకా దిగాడు. అక్కడ పార్కర్ కుటుంబం వాళ్లు లోపలికి తీసుకెళ్లి కాపాడారు. మిగతా ఐదుగురూ ఆ కొండమీదే పోయారు. వాళ్లని ఇంగ్లండ్‌లోనే న్యూఆర్క్ అనే ఊళ్లో పూడ్చిపెట్టారు.

ముప్పై ఏళ్లు దాటాక, 1973లో, ఫుస్నియాక్ వచ్చి ఆ సిలువ కట్టించాడు. ఏ ప్రభుత్వమో కట్టింది కాదు. దిమ్మెలో విమానం ముక్కలు పొదిగి ఉంటాయి. కింద ఒక చిన్న కంచు నక్క తల. పలక మీద దేవుడికీ, పార్కర్ కుటుంబానికీ, ఊరివాళ్లకీ కృతజ్ఞతలు.

నాన్న ముందు తేదీ చదివారు. "ఇదే ఏడు ఏప్రిల్‌లో కదా మన వైజాగ్ మీద జపాన్ వాళ్లు బాంబులేశారు" అన్నారు. ఏప్రిల్ 6న, వైజాగ్ మీదా కాకినాడ మీదా. జనం మూటాముల్లే కట్టుకుని పల్లెలకి పారిపోయిన సంగతి మా నాయనమ్మ చెబుతుండేది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని వంగి, దిమ్మెలో ఉన్న ఆ మసకబారిన లోహపు ముక్కల్ని ఒక్కోటీ చూశారు. నక్క తల గురించి అడిగితే కథంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "నక్క తోక తొక్కొచ్చాడు అంటాం కదరా, వీడు నిజంగా నక్క అడుగు తొక్కి బతికాడు" అన్నారు. తర్వాత నేను వద్దంటున్నా వినకుండా బూట్లు విప్పి, ఆ చలిలో తడిగడ్డి మీద సాక్సులతో నిలబడి దణ్ణం పెట్టారు.

ఆ నక్క తలని తెచ్చి ఊళ్లో బస్టాండు పక్కన పెట్టండి, చూసినవాళ్లకి అదొక బొమ్మ. అక్కడ, ఎటూ తోచని ఆ మంచులో నిలబడితేనే ఆ అడుగుల విలువ తెలుస్తుంది.

కిందికి దిగేటప్పుడు నాన్న ఉన్నట్టుండి ఏఎన్-32 గురించి మాట్లాడారు. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ 29 మందితో బంగాళాఖాతంలో మాయమైపోయిన మన వాయుసేన విమానం. అందులో ఎనిమిదిమంది వైజాగ్ నేవల్ ఆర్మమెంట్ డిపో, అంటే నౌకాదళం ఆయుధాల డిపో వాళ్లు. ఆ రోజుల్లో మా వైపు ఎక్కడ విన్నా అదే మాట. ఏడేళ్లు దాటాక, 2024 జనవరిలో, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు దొరికాయన్నారు. "అన్నేళ్లూ ఆ ఇళ్లల్లో ఏడాదికోసారి దీపం ఏ దిక్కు తిప్పి పెట్టాలో తెలియలేదు కదరా" అన్నారు నాన్న. కూలినచోటు ఎందుకు ముఖ్యమో నాకు అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది నాకు మండే విషయం. కొండల్లో కూలిన పాత విమానాల దగ్గరికి వెళ్లినవాళ్లు కొందరు గుర్తుగా ఒక ముక్క జేబులో వేసుకొస్తారు. అడిగితే "తుప్పు పట్టిందే కదా" అంటారు. 1986 నుంచి ఇక్కడ చట్టముంది, కూలిన సైనిక విమానాన్ని అనుమతి లేకుండా కదపకూడదు. చట్టం మాట సరే, అది మనుషులు ప్రాణం విడిచిన చోటండీ. మన ఇంట్లో ఎవరైనా పోయిన చోటు నుంచి ఎవరో వచ్చి ఒక వస్తువు పట్టుకుపోతే ఊరుకుంటామా?

మీరు వెళ్లే పనైతే బక్డెన్ ఊళ్లో కారు పెట్టుకుని పొద్దున్నే బయల్దేరండి. బురదకి తట్టుకునే బూట్లు కావాలి. శిఖరం దగ్గర ఆగిపోకండి, గోడ వదలకండి. నక్క తల కింద ఉంటుంది, వంగితే గానీ కనబడదు.