వాడిది మొండితనం కాదే, మాట చాలట్లేదు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశా. స్కూల్ వాళ్ళు మీ బాబు గురించి "కొరుకుతున్నాడు, తోస్తున్నాడు, చెప్పింది వినడు" అని మళ్ళీ డైరీలో రాశారట, మీ అత్తగారేమో గారాబం ఎక్కువైందంటున్నారట. ఆ రెండూ కాసేపు పక్కన పెట్టు. నాలుగేళ్ళు నిండినా రెండు పదాలకి మించి కలిపి మాట్లాడట్లేదన్నావే, నా కన్ను అక్కడే పడింది. ఇన్నేళ్ళు స్పీచ్ థెరపీ చేశా, అల్లరి భరించలేకపోతున్నాం అని తీసుకొచ్చిన పిల్లల్లో చాలామందికి అసలు ఇబ్బంది మాటతోనే. నేనే కాదు, 1993లో కెనడాలో మానసిక వైద్యానికి వచ్చిన పిల్లల్ని పరీక్షిస్తే దాదాపు మూడో వంతు మందికి అప్పటిదాకా ఎవరూ కనిపెట్టని భాషా సమస్య బయటపడింది.

ముందు వినికిడి టెస్ట్ చేయించు. పిలిస్తే పలుకుతాడు కదా అనకు, జలుబు చేసినప్పుడల్లా చెవి లోపల నీరు చేరే పిల్లలకి పిలుపు వినబడుతుంది గానీ మాటలు స్పష్టంగా అందవు. ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించి, వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్ట్ బేరా (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే టెస్ట్) అంటే బేరా, ఇంకోటంటే ఇంకోటి చేయించెయ్.

తర్వాత అర్థం చేసుకోవడం ఎలా ఉందో చూడు, అందరూ వదిలేసేది ఇదే. టీచర్ "బ్యాగ్ పెట్టి, బూట్లు విప్పి, వచ్చి కూర్చో" అంటే వీడు చివరిది ఒక్కటే చేసి కూర్చుంటాడు, ఆవిడకేమో లెక్కలేనట్టు కనిపిస్తుంది. ఇంట్లో చేత్తో చూపించకుండా, కళ్ళతో సైగ చేయకుండా రెండు పనులు కలిపి చెప్పి చూడు, తెలిసిపోతుంది.

కొరికిన ప్రతిసారీ దానికి ముందు ఏం జరిగిందో, తర్వాత వాడికేం దక్కిందో ఒక వారం రాసిపెట్టు, టీచర్‌ని కూడా రాయమను. బొమ్మ లాక్కుంటే కొరుకుతున్నాడా, అయితే "నాది", "ఇవ్వు" నేర్పు. గోల ఎక్కువైతే తోస్తున్నాడా, అయితే "చాలు". నోటితో రాకపోతే చేతి సైగో బొమ్మ కార్డో ఇవ్వు, దానివల్ల మాట ఆగిపోతుందని ఎవరన్నా అంటే నమ్మకు. ఇవన్నీ వాడు శాంతంగా ఉన్నప్పుడు ఆటలా నేర్పాలి, ఏడుపు మధ్యలో కాదు. ఇంకోటి, మొదట్లో "చాలు" అనగానే నిజంగా ఆపెయ్యాలి, నీకు ఎంత తొందర పనున్నా సరే, లేకపోతే కొరకడమే త్వరగా పనిచేస్తుందని వాడికి అర్థమైపోతుంది, తప్పు వాడిది కాదు మరి.

ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్నారట కదా, ఆ సలహా మాత్రం వినకు. రెండు భాషల వల్ల ఈ మాట ఇబ్బంది రాదు, నీకు బాగా వచ్చిన భాషలోనే వాడితో మాట్లాడు.

అన్నట్టు మీ ఆడపడుచు కూతురు, ఇంట్లో గలగలా మాట్లాడి స్కూల్లో నోరే విప్పదన్నావు, దాన్నీ వదిలెయ్యకండి. అది పొగరు కాదు, భయం. "ఆంటీకి హలో చెప్పు" అని నలుగురిలో బలవంతపెట్టొద్దని చెప్పు.

ప్రైవేట్‌లో ఖర్చు తట్టుకోలేకపోతే ఆర్‌బీఎస్‌కే అని పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వ పథకం ఉంది, దాని కింద జిల్లాల్లో ఇలాంటి ఇబ్బందుల్ని చిన్నప్పుడే చూసే డీఈఐసీ సెంటర్లున్నాయి, ఫ్రీగా చూస్తారు, మీ జిల్లాది ఎక్కడుందో ఏఎన్‌ఎమ్‌ని అడుగు. ఆటిజం అనుమానం కూడా ఉందంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీకి (మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ) తీసుకురా, మా ఇంట్లోనే ఉండొచ్చు.

టెస్ట్ అయ్యాక రిపోర్ట్ ఫోటో తీసి పంపు. మీ అత్తగారితో ఆదివారం నేను మాట్లాడతాలే.

పెద్దమ్మ