కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్ లెక్చరర్ కావాలంటే నెట్ తప్పనిసరా?

ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్పడానికి నెట్ (లెక్చరర్ పోస్టులకు జాతీయ స్థాయి అర్హత పరీక్ష) అక్కర్లేదు. డిగ్రీ కాలేజీలోగానీ యూనివర్సిటీలోగానీ ఎకనామిక్స్ చెప్పే రెగ్యులర్ పోస్టుకు మాత్రం నెట్, సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష), లేదా నిబంధనల ప్రకారం చేసిన పీహెచ్‌డీ ఉండాలి.

పోస్టు పేరు రెండుచోట్లా అసిస్టెంట్ ప్రొఫెసరే, అర్హతలు పెట్టే సంస్థలు వేరు. సాంకేతిక విద్య ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) కిందకు వస్తుంది. సంబంధిత బ్రాంచిలో బీటెక్, ఎంటెక్ ఉండి, ఏదో ఒకదానిలో ఫస్ట్ క్లాస్ వస్తే దానికి చాలు. ఆర్ట్స్, సైన్స్, కామర్స్‌కు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనలు వర్తిస్తాయి: పీజీలో 55 శాతం మార్కులు, ఆపైన నెట్ లేదా సెట్. ఇది తెలియక ఎంటెక్ చేసినవాళ్లు కూడా టెన్షన్ పడి నెట్ కోచింగులకు డబ్బు కట్టడం బాధ కలిగిస్తుంది.

ఒక ఇంట్లో అన్నాచెల్లెళ్లు ఉన్నారనుకోండి. అన్న ఎంటెక్ చేసి, విజయవాడలో బీటెక్ ఫస్టియర్ పిల్లలకు సీ లాంగ్వేజ్ చెబుతూ, ల్యాబ్‌లో సెమికోలన్ మరిచిన ప్రోగ్రాములు సరిచేయిస్తుంటాడు. అతనికి నెట్ అడగరు. చెల్లెలు ఎంఏ ఎకనామిక్స్. గుంటూరులో డిగ్రీ పిల్లలకు ఇంటి బడ్జెట్, చక్రవడ్డీ, క్రెడిట్ కార్డు బాకీల లెక్కలు చెప్పాలని ఆమె కోరిక. ఆమె నెట్ గానీ, ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహించే ఏపీసెట్ గానీ పాసవ్వాలి. అన్న డిగ్రీ కాలేజీ వైపు రావాలనుకుంటే, నెట్‌లో కంప్యూటర్ సైన్స్ అండ్ అప్లికేషన్స్ సబ్జెక్టు ఉంది.

పీహెచ్‌డీ లేకపోతే అసలు అసిస్టెంట్ ప్రొఫెసర్ కాలేమన్నది చాలామంది అపోహ. యూనివర్సిటీల్లో దాన్ని తప్పనిసరి చేయాలన్న యూజీసీ నిర్ణయం వాయిదా పడి, 2023 జులై 1 నుంచి పీహెచ్‌డీ ఐచ్ఛికంగా మారింది. అసోసియేట్ ప్రొఫెసర్ స్థాయికి వెళ్లాలంటే మాత్రం పీహెచ్‌డీ కావాల్సిందే.