ఇమ్యూనిటీ పెంచుకుంటే లూపస్ తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాకు 29 ఏళ్లు, పోయినేడు లూపస్ అని తేల్చారు, హైడ్రాక్సీక్లోరోక్విన్, కొంచెం స్టెరాయిడ్ వాడుతున్నా. ఇంట్లోవాళ్లేమో నీకు ఇమ్యూనిటీ తక్కువ, అందుకే వచ్చింది అని రోజుకో పొడి, రోజుకో టానిక్ తెస్తున్నారు. డాక్టరేమో ఇమ్యూనిటీ తగ్గించే మందులంటున్నారు. ఎవరి మాట వినాలి? అసలు నాకే ఎందుకొచ్చింది, నేనేం తప్పు చేశాను?

జవాబు: డాక్టర్ మాటే వినండమ్మా. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే తెస్తున్నారు, కాదనను, కానీ ఆ పొడులు పక్కన పెట్టెయ్యండి, ముఖ్యంగా ఎకినేషియా, అల్ఫాల్ఫా కలిసినవి లూపస్ ఉన్నవాళ్లకి వద్దనే చెప్తాం. ఇది ఇమ్యూనిటీ చాలక వచ్చిన జబ్బు కాదు, దానికి ఉండాల్సిన అదుపు తప్పి అది మన ఒంటినే కొట్టడం వల్ల వచ్చింది.

కొంచెం ఓపిగ్గా చదవండి. రేపు ఏ క్రిమి వస్తుందో ఒంటికి ముందే తెలీదు కదా, అందుకని టీ సెల్స్ అనే ఓ రకం తెల్ల రక్త కణాలు తయారయ్యేటప్పుడు జీన్ ముక్కల్ని పేకముక్కలు కలిపినట్టు ఎలాపడితే అలా కలిపేసి కోట్ల రకాల రిసెప్టర్లు, అంటే క్రిమిని పట్టుకునే కొక్కేలు, చేసి పెట్టుకుంటుంది, అలా గుడ్డిగా కలిపితే వాటిలో కొన్ని మన ఒంటినే పట్టుకునేవి పుట్టక తప్పదు. వాటిని ఏరెయ్యడానికి ఛాతీ ఎముక వెనకాల థైమస్ అని ఓ గ్రంథి ఉంది. అక్కడి కణాలు ఎయిర్ అనే జీన్ సాయంతో ఎక్కడో ప్యాంక్రియాస్‌లో ఉండాల్సిన ఇన్సులిన్‌ని కూడా కాస్త తయారుచేసి టీ సెల్స్‌కి చూపిస్తాయి, దాని మీదకి గట్టిగా ఎగబడ్డ సెల్ చాలావరకు అక్కడే చచ్చిపోతుంది. నాకైతే ఎన్నిసార్లు చదివినా ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది.

అయినా కొన్ని జారిపోతాయి, మీకే కాదు నాకూ, ఈ పేజీ చదివే ప్రతివాళ్లకీ. మరి అందరికీ జబ్బు ఎందుకు రాదు? బయట ఇంకో కాపలా ఉంది కాబట్టి, రెగ్యులేటరీ టీ సెల్స్ అంటారు, వీటి పనే మిగతావాటిని ఆగమనడం. జపాన్‌లో షిమోన్ సకాగుచి 1995లో వీటిని పట్టుకున్నారు, అప్పట్లో చాలామంది నమ్మలేదు కూడా. తర్వాత 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ స్కర్ఫీ అనే ఓ రకం ఎలుకల్లో ఫాక్స్‌పీ3 జీన్ పాడైందని కనిపెట్టారు, ఆ మగ ఎలుకలు చర్మం పొలుసులు లేచిపోయి కొన్ని వారాల్లోనే చనిపోయేవి, ఎందుకంటే ఆగమనేవాళ్లే లేరు. అదే జీన్ పాడై పుట్టిన పిల్లలకి నెలల వయసులోనే షుగరు, ఆగని విరేచనాలు, ఎగ్జిమా వచ్చేస్తాయి. ఈ ముగ్గురికే 2025 మెడిసిన్ నోబెల్ వచ్చింది.

ఇక మీ లూపస్ సంగతి. చచ్చిన కణాల చెత్తని ఒళ్లు ఎప్పటికప్పుడు ఊడ్చెయ్యాలి. అది సరిగ్గా జరక్క లోపలి డీఎన్ఏ బయటపడి ఉంటే ఇమ్యూన్ సిస్టమ్ వైరస్ వచ్చిందనుకుని ఇంటర్‌ఫెరాన్ అనే అలారం మోగిస్తుంది, బీ సెల్స్ అనే ఇంకో రకం తెల్ల రక్త కణాలు ఆ డీఎన్ఏ మీదే యాంటీబాడీలు, అంటే దాన్ని పట్టుకునే ప్రోటీన్లు, చెయ్యడం మొదలెడతాయి, అవి కిడ్నీల్లో, చర్మంలో పేరుకుంటాయి. ఎండలో తిరగొద్దని మీకు చెప్పే ఉంటారు, అది ఊరికే చెప్పింది కాదు, యూవీ కిరణాలకి చర్మ కణాలు చచ్చి ఆ చెత్త ఇంకా పెరుగుతుంది.

లూపస్ ఉన్నవాళ్లలో 10 మందిలో 9 మంది ఆడవాళ్లే. హార్మోన్లు ఒక కారణం, ఎక్స్ క్రోమోజోమ్ ఇంకోటి. దాని మీద టీఎల్ఆర్7 అని వైరస్ ఆర్‌ఎన్‌ఏని పసిగట్టే జీన్ ఉంది, ఆడవాళ్లలో రెండు ఎక్స్‌లలో ఒకటి మూగబోవాలి, ఈ జీన్ మాత్రం కొన్ని కణాల్లో మూగబోదు. 2022లో ఓ అమ్మాయి లూపస్‌కి ఈ జీన్‌లో ఒకే ఒక్క అక్షరం మారడమే కారణమని చూపించారు, అదే మార్పు ఎలుకకి పెడితే దానికీ లూపస్ వచ్చింది.

తప్పు అన్నారు కదా, దానికి ఒక్క సంగతి చెప్తా. అమెరికా సైన్యం దాచిపెట్టిన పాత రక్తం శాంపిళ్లు తీసి 2003లో చూస్తే, తర్వాత లూపస్ వచ్చిన 130 మందిలో 115 మందికి జబ్బు తేలకముందే రక్తంలో ఇలా సొంత ఒంటినే పట్టుకునే యాంటీబాడీలు ఉన్నాయి, కొందరికైతే 9 ఏళ్ల ముందు నుంచే. కాబట్టి పోయినేడు ఏం తిన్నాను, ఎందుకు టెన్షన్ పడ్డాను అని వెతుక్కోకండి.

ప్రశ్న: చెకప్‌లో ఏఎన్ఏ పాజిటివ్, 1:80 అని వచ్చింది. ఏ బాధా లేదు. నిద్ర పట్టట్లేదు.

జవాబు: పడుకోండి. ఏఎన్ఏ అంటే మన కణాల కేంద్రకాన్నే పట్టుకునే యాంటీబాడీలు, 1:80 అంటే రక్తాన్ని 80 రెట్లు పల్చన చేసినా అవి కనబడ్డాయని. 1:80 దగ్గర ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే సుమారు 13 శాతం మందికి పాజిటివ్ వస్తుంది. కీళ్ల వాపు, ముఖం మీద మచ్చలు, నోట్లో పుళ్లు, నురగ మూత్రం లాంటివి వస్తే అప్పుడు డాక్టర్‌కి చూపించండి. లక్షణాల్లేకుండా ఈ టెస్టు రాయడమే నాకు నచ్చదు, అది వేరే కథ.

ప్రశ్న: మేం కవలలం, అచ్చం ఒకేలా ఉంటాం. చెల్లికి మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చింది. నాకూ వస్తుందా? వైరస్ వల్ల అంటున్నారు నిజమేనా?

జవాబు: మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్, ఇమ్యూన్ సిస్టమ్ మెదడు, వెన్నుపాములోని నరాల పూతని కొట్టే జబ్బు. ఒకే జీన్స్ ఉన్న కవలల్లో కూడా రెండోవాళ్లకి వచ్చేది నలుగురిలో ఒకరికి, అటూ ఇటూగా. జీన్సే అంతా అయితే నలుగురికీ రావాలి కదా. వైరస్ మాట నిజమే, ఎప్‌స్టీన్ బార్ వైరస్. కోటి మందికి పైగా అమెరికా సైనికుల రికార్డులు, రక్తం శాంపిళ్లు చూసి 2022లో చెప్పిందేంటంటే ఈ వైరస్ సోకాక ఎంఎస్ రిస్క్ 32 రెట్లు పెరుగుతుంది. ఆ వైరస్ ప్రోటీన్ ఒకటి మెదడులోని గ్లియల్‌క్యామ్ అనే ప్రోటీన్‌ని పోలి ఉంటుంది, దాన్ని కొట్టడానికి తయారైన యాంటీబాడీ దీన్నీ పట్టుకుంటుంది. కానీ పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా ఈ వైరస్ ఉంటుంది, మీకూ ఉండే ఉంటుంది, కాబట్టి దాని కోసం టెస్టులు వద్దు. సిగరెట్ తాగితే మాత్రం మానెయ్యండి, అది ఎంఎస్ రిస్క్ పెంచుతుందని గట్టిగా తెలుసు. చూపు మసకబారినా, కాలూ చెయ్యీ మొద్దుబారి రోజు దాటినా ఆగకుండా న్యూరాలజిస్ట్ దగ్గరికెళ్లండి.

ప్రశ్న: అక్కకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఇమ్యూన్ సిస్టమ్ కీళ్లని కొట్టే జబ్బు), రోజూ మెథోట్రెక్సేట్ వేసుకుంటోంది. సెల్స్ మార్చి పూర్తిగా నయం చేస్తున్నారట, చేయించొచ్చా?

జవాబు: ముందు ఈ "రోజూ" సంగతి తేల్చండి. మెథోట్రెక్సేట్ ఈ జబ్బుకి వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే రక్త కణాలు పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. రోజూ వేసేది ఫోలిక్ యాసిడ్ అయి ఉండొచ్చు, చీటీ తీసి ఇవాళే చూడండి, నిజంగా ఇదే రోజూ వేస్తుంటే వెంటనే ఆపి ఇవాళే డాక్టర్‌కి చూపించండి.

మీరు విన్నది కార్-టీ. పేషెంట్ టీ సెల్స్ తీసి, బీ సెల్స్‌ని వేటాడేలా మార్చి తిరిగి ఎక్కిస్తారు. జర్మనీలో ఎర్లాంగెన్ డాక్టర్లు 2021లో ఓ లూపస్ అమ్మాయితో మొదలెట్టారు, 2024లో 15 మంది ఫలితాలు చెప్పారు, అందులో 8 మంది లూపస్ వాళ్లు, ఎనిమిది మందీ మందులు లేకుండా బాగున్నారు. కొన్ని నెలలకి బీ సెల్స్ మళ్లీ పుట్టాయి, కానీ పాత కక్షలేవీ గుర్తులేని కొత్తవి. దీనికి ముందు కీమో ఇవ్వాలి, ఇన్ఫెక్షన్ల భయం ఉంటుంది, మామూలు మందులు పనిచెయ్యనివాళ్లకే చేశారు. మిగతా ఏడుగురు కండరాల మయోసైటిస్, చర్మం గట్టిపడే సిస్టమిక్ స్క్లెరోసిస్ వాళ్లు. మీ అక్క జబ్బు వాళ్లు ఆ 15 మందిలో లేరు.