డిమ్మర్ తిప్పగానే నిలిచిపోయే కరెంటు లెక్క

ప్రశ్న: మాది కావలి. ఇంట్లో కరెంటు వాడకం ఎప్పటికప్పుడు తెలుసుకుందామని మీటరు బోర్డు దగ్గర సెన్సారు బిగించి, హాల్లోని ప్లగ్గుకు దాని డిస్‌ప్లే తగిలించాము. రెండింటి మధ్య సమాచారాన్ని ఇంటి వైరింగే మోస్తుందట. పగలు బాగానే పనిచేస్తుంది గానీ, రాత్రి డిమ్మర్‌తో హాల్లో వెలుగు తగ్గించగానే అంకెలు కదలకుండా నిలిచిపోతున్నాయి. పరికరం చెడిపోయిందా? బిల్లు తప్పుగా వస్తుందా?

జవాబు: బిల్లు గురించి బెంగ పెట్టుకోకండి. విద్యుత్ సంస్థ మీటరు తన లెక్క తాను వేసుకుంటుంది. ఆగిపోతున్నది మీ సెన్సారు నుంచి డిస్‌ప్లేకు చేరవలసిన సమాచారం మాత్రమే. మీరు చెప్పిన లక్షణాలను బట్టి పరికరంలోనూ లోపం ఉన్నట్టు లేదు.

మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహిస్తుంది. మామూలు డిమ్మర్‌లోని ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ప్రతి ఆవృత్తిలోని రెండు సగాల్లోనూ మొదట కొంతసేపు కరెంటును ఆపి, తర్వాత ఒక్కసారిగా వదులుతుంది. అంటే సెకనుకు 100 సార్లు ఈ కుదుపు తప్పదు. డిమ్మర్ సగం దగ్గర ఉన్నప్పుడు, 230 వోల్టుల సరఫరాలో వోల్టేజీ తన శిఖరమైన 325 వోల్టులకు చేరిన సమయంలోనే ట్రయాక్ తెరుచుకుంటుంది కాబట్టి, అప్పుడు పుట్టే విద్యుత్ రొద అన్నిటికన్నా ఎక్కువగా ఉండి, కొన్ని కిలోహెర్ట్జుల నుంచి మెగాహెర్ట్జుల దాకా పరుచుకుని, వైరింగంతటా వ్యాపిస్తుంది. కొద్ది వోల్టుల బలంతో అదే తీగల మీద ప్రయాణించే మీ సెన్సారు సంకేతం ఆ రొదలో మునిగిపోతుంది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. డిమ్మర్‌ను పూర్తి వెలుగుకు తిప్పండి. అప్పుడు ట్రయాక్ వోల్టేజీ సున్నాకు దగ్గరగా ఉండగానే తెరుచుకుంటుంది గనుక రొద బాగా తగ్గుతుంది. అంకెలు మళ్లీ కదిలితే కారణం దొరికినట్టే.

ఫ్యాను రెగ్యులేటర్లను కూడా అనుమానించండి. మెట్లు లేకుండా నున్నగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌లోనూ ట్రయాకే ఉంటుంది. నెల్లూరు ఎండల్లో ఫ్యాను నిండు వేగంతో తిరిగినన్నాళ్లు బయటపడని ఇబ్బంది, ఈశాన్య రుతుపవనాల చల్లదనానికి వేగం తగ్గించిన రాత్రుల్లో తలెత్తవచ్చు. కెపాసిటర్లతో పనిచేసే అయిదు మెట్ల రెగ్యులేటర్ తరంగాన్ని కోయదు కాబట్టి దానితో ఈ బెడద లేదు. అలాంటి రెగ్యులేటర్‌కు మారడం మీ సెన్సారు, డిస్‌ప్లే ఉన్న మానిటర్‌ను మార్చడం కన్నా మేలని నా అభిప్రాయం.

హాల్లో ఎల్‌ఈడీ దీపాలుంటే, డిమ్మర్‌కు పనికివచ్చే రకం దీపాలను ఎంచుకుని, ప్రతి సగాన్ని సున్నా నుంచి మొదలుపెట్టి చివరి భాగాన్ని కోసే ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్‌ను, మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. డిస్‌ప్లేను స్పైక్ బస్టర్‌కు కాక నేరుగా గోడ ప్లగ్గుకే తగిలించండి. స్పైక్ బస్టర్‌లో ఫిల్టర్ ఉంటే అది రొదతోపాటు మీకు కావలసిన సంకేతాన్ని కూడా మింగేస్తుంది. మీది మూడు ఫేజుల కనెక్షన్ అయితే సెన్సారు సంకేతం పంపే ఫేజు, డిస్‌ప్లే ఉన్న ప్లగ్గు ఫేజు ఒకటేనేమో కూడా ఎలక్ట్రీషియన్‌నే చూడమనండి. ఇవన్నీ చేసినా అంకెలు ఆగుతుంటే, వైరింగ్‌తో పని లేకుండా వైఫై ద్వారా సమాచారం పంపే మానిటర్ తీసుకోవడమే మార్గం.