యాభై ఎనిమిదేళ్లకి పిల్లల కథలు మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: 31 ఏళ్లు ఏఎన్ఎంగా, అంటే ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తగా పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యాను. పిల్లల కథలు రాయాలని ఎప్పటినుంచో కోరిక. తొమ్మిది రాశాను. ఒక పత్రికకు మూడు పంపితే మూడూ తిరిగొచ్చాయి. ‘పిల్లలకు నచ్చేలా లేవు’ అని ఒక్క ముక్క రాశారు. అబద్ధాలాడే కుందేలుకి సింహం బుద్ధి చెప్పే కథ ఒకటి మీకూ పంపుతున్నాను. ఈ వయసులో నేర్చుకుని రాయగలనా? మా మనవరాలికి మాత్రం నా కథలకన్నా, పోలియో చుక్కలు ఇంకోసారి వేయించుకోవాలని వేలి మీద గీతని గోడకి రుద్దుకుని మళ్లీ వరసలో నిలబడ్డ పిల్లాడి సంగతే ఇష్టం.
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరి వాక్యం నాలుగుసార్లు చదివాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో 11 ఏళ్లు గుమాస్తాగా చేశాను. 24 ఏళ్లప్పుడు పావురాల కథ ఒకటి రాసి, తిరుగు స్టాంపులు జతచేసి ఒక పిల్లల పత్రికకు పంపాను. నెల తిరక్కుండా వెనక్కొచ్చింది. లోపల అచ్చు వేసిన చీటీ, పేరు రాయాల్సిన చోట ఖాళీ. ఆ చీటీని కొట్టు చిట్టాలో దాచుకుని చాలా రోజులు చూసుకున్నాను. ఆ తర్వాత పాతికేళ్లు కథ జోలికి పోలేదు. యార్డు మానేసి అరండల్‌పేటలో జిరాక్స్, డీటీపీ షాపు పెట్టుకున్నాను.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. జిరాక్స్ కోసం వచ్చిన ఆరేళ్ల పాప స్టూలు మీద కూర్చుని ఉంది. ఊరుకోలేక యార్డు కబుర్లు మొదలుపెట్టాను. లారీల్లోంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దించడం, కాటా వెయ్యడం, ఘాటుకి ముక్కు చుట్టూ తువ్వాలు కట్టుకోవడం. ఆడవాళ్లు కూర్చుని ఎర్రకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయల్ని ఏరి పక్కన పోస్తారని చెప్పేసరికి, ‘మరి వాటిని ఎవరు తీసుకెళ్తారు?’ అని అడిగింది. తాలుకీ ఒక ధర ఉంటుంది, కొనేవాళ్లుంటారు అని చెప్పేదాకా స్టూలు దిగలేదు. ఆ కుప్పల మధ్య అన్నేళ్లు తిరిగిన నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. నా మొదటి పుస్తకం దానికి జవాబే. అది అచ్చయ్యేనాటికి నాకు 51.

నా పావురాల కథ మొన్న మళ్లీ చదివాను. తిప్పి పంపినవాళ్లు సరిగ్గానే చేశారు. పావురాన్ని నేనెన్నడూ శ్రద్ధగా చూసి ఎరగను. మీ సింహం కూడా అంతే. చివర్లో పన్నెండు వాక్యాలు నీతి చెబుతుంది, పిల్లలు రెండో వాక్యానికే లేచిపోతారు.

వయసు గురించి టెన్షన్ వద్దు. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు గారు రకరకాల ఉద్యోగాలు చేశాకే 1952లో చందమామ సంపాదక బాధ్యతల్లోకి వచ్చారు. అప్పటికే ఆయనకి నలభై దాటాయి. 1980లో పోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు.

కథని ఏ పిల్లకైనా పైకి చదివి వినిపించండి. ఎక్కడ తల తిప్పిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. మీ మనవరాలు ఒక్కతే సరిపోదు, ఆ పిల్లకి మీరంటే ప్రేమ. పక్కవీధి పిల్లలు కావాలి. చిన్నపిల్లల బొమ్మల పుస్తకం చాలాసార్లు ఒక్క ఫారంలో, అంటే 16 పేజీల్లో అయిపోతుంది. పేరూ వివరాలూ పోతే కథకి మిగిలేది పదమూడో పద్నాలుగో. చెట్టు పచ్చగా ఉందని మీరు రాయక్కర్లేదు, అది బొమ్మ వేసేవాళ్లు చూసుకుంటారు. ఇంకో మాట, రిటైర్మెంట్ డబ్బు పెట్టి వెయ్యి కాపీలు వేయించకండి. నా షాపులో టైపు చేయించుకున్నవాళ్ల ఇళ్లలో మంచాల కింద ఆ కట్టలు చూసి చెబుతున్నాను.

ఇక ఆ పిల్లాడు. నాలుగు ఐస్ ప్యాకులు పెట్టిన వ్యాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుని, ఎండలో ఇల్లిల్లూ తిరిగింది మీరు. ఎడమచేతి చిటికెన వేలి గోరు మీద ఆ గీత పెట్టింది మీరు. సూది చూసి ఏడ్చేవాళ్లు వేలమంది ఉంటారు, ఇంకోసారి కావాలని గోరు అరగదీసుకుని వచ్చినవాడు ఒక్కడే. వాడికి ఆ చుక్కలు తియ్యగా అనిపించాయా? ముందు నిలబడ్డ చెల్లికోసం వచ్చాడా? మీరు గుర్తుపట్టారా, పట్టీ ఊరుకున్నారా? ఇదేదీ మీ ఉత్తరంలో లేదు. కుందేలుని పక్కన పెట్టి, వరసలో వాడి వంతు వచ్చాక ఏం జరిగిందో రాసి పంపండి.