టేపు వేసిచ్చిన డ్యూటీ ఫ్రీ సంచి: కేసు ఎవరి మీద?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర లంక గ్రామం. అమ్మాయి పురిటికని నేనూ మావారూ మాంచెస్టర్ వెళ్ళాం. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో డ్యూటీ ఫ్రీ షాపులో అల్లుడికి లీటరు విస్కీ సీసాలు రెండు, వియ్యపురాలికి 200 మి.లీ. సెంటు సీసా కొన్నాం. మొత్తం 13,640 రూపాయలు, మావారి కార్డు మీద కట్టాం. గల్ఫ్‌లో విమానం మారాలి, ఇబ్బంది ఉండదు కదా అని అడిగితే, ఎక్కడిదాకా అయినా తీసుకెళ్ళొచ్చని చెప్పారు. సంచి పట్టీ సరిగా అంటుకోకపోతే కౌంటర్లో కుర్రాడు మామూలు టేపు వేసి ఇచ్చాడు. విమానం మారేచోట సెక్యూరిటీ వాళ్ళు ఆ సంచి చూసి, మొత్తం లాగేసి డబ్బాలో పడేశారు. మావారు రిటైరైన హెడ్మాస్టరు. అంతమందిలో దొంగలా నిలబెట్టారు. వియ్యాలవారి ముందుకు ఉత్త చేతులతో వెళ్ళాం. మావారికి బీపీ పెరిగి రెండు రోజులు లేవలేదు. మర్నాడే అమ్మాయి ఎయిర్‌లైన్‌కి ఈమెయిల్ పెట్టింది, రూల్ ప్రకారమే జరిగిందని జవాబిచ్చారు. తిరిగొచ్చాక గోదావరి వరదకు ఇల్లు మునిగి ఇక ఈ సంగతి చూడలేకపోయాం. జరిగి ఏడాది పది నెలలైంది. ఆ సెక్యూరిటీ వాళ్ళ మీద, ఎయిర్‌లైన్ మీద పది లక్షలకు కేసు వేయవచ్చా? ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా ఉంది. చెక్-ఇన్ బ్యాగులో పెట్టిన సీసాలు పోయాయని క్లెయిమ్ పెడితే డబ్బు వెంటనే వస్తుందని తెలిసినాయన ఒకరు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
(ఒక సోదరి, డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అవమానం గురించి చాలా రాశారు. కేసును తేల్చే మాట మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. పట్టీ అంటుకోకపోతే కుర్రాడు టేపు వేసి ఇచ్చాడన్నదే ఆ మాట. మీ కేసంతా దాని మీదే నిలబడుతుంది, లేదా దాని మీదే పడిపోతుంది.

ఎందుకో చెబుతాను. 2006 ఆగస్టులో లండన్ నుంచి బయలుదేరే విమానాలను కూల్‌డ్రింక్ సీసాల్లో దాచిన ద్రవ పేలుడు పదార్థాలతో కూల్చాలన్న కుట్ర బయటపడింది. అప్పటి నుంచే అంతర్జాతీయ ప్రయాణాల్లో చేతిసంచిలోని ఒక్కో సీసా 100 మి.లీ. దాటకూడదనీ, అన్నీ కలిపి లీటరు పట్టే పారదర్శక సంచిలో ఇమడాలనీ నిబంధన వచ్చింది. డ్యూటీ ఫ్రీలో కొన్న పెద్ద సీసాలకు దీని నుంచి మినహాయింపు ఉంది. అయితే ఆ మినహాయింపు సీసాకు కాదు, సంచికి. ఎర్ర అంచు ఉన్న ఆ పారదర్శక సంచి సీలు చెక్కుచెదరకూడదు, లోపల బిల్లు బయటికి కనబడాలి, గమ్యం చేరేదాకా విప్పకూడదు. విమానం మారేచోట మళ్ళీ తనిఖీ ఉంటుంది. సీలు సంచి మీద మామూలు టేపు కనబడితే దాన్ని ఎవరో విప్పి మళ్ళీ మూసినట్టే లెక్క. సీలు ఊడిన మందు సీసాకు టేపు అంటించి ఇస్తే మీరైనా తీసుకుంటారా? యూరప్‌లో కొన్నిచోట్ల కొత్త స్కానర్లు వచ్చి ఈ నిబంధన సడలించారని పేపర్లో చదివి, ఇక ఎక్కడా ఇబ్బంది లేదనుకునేవాళ్ళు ఉన్నారు. మీరు దిగి మారే విమానాశ్రయంలో ఏ నిబంధన ఉంటే అదే మీకు వర్తిస్తుంది.

కాబట్టి సంచి పడేసిన మనిషి మీద కేసు లేదు. అతను పరాయి దేశంలో, ఆ దేశపు భద్రతా నిబంధన ప్రకారం పని చేశాడు. మన వినియోగదారుల కమిషన్ల (వినియోగదారుల కోర్టుల) చెయ్యి అతని దాకా చాచదు. ఎయిర్‌లైన్ మీదా దాదాపు లేనట్టే. ప్రయాణికుడు తన చేతిలో ఉంచుకున్న సామాను విషయంలో ఎయిర్‌లైన్ తప్పు ఉందని చూపిస్తేనే దానికి బాధ్యత. విమాన ప్రయాణాలపై దేశాల మధ్య కుదిరిన 1999 మాంట్రియల్ ఒప్పందం అదే చెబుతుంది, మన 1972 విమాన రవాణా చట్టం మూడో షెడ్యూలులోనూ అదే ఉంది. మీరు రాసినదాంట్లో వాళ్ళ తప్పు ఒక్కటీ కనబడలేదు. కోపం కొద్దీ వాళ్ళను కూడా ప్రతివాదిగా చేరిస్తే, అసలు ప్రతివాది వాళ్ళ వెనక దాక్కుంటాడు.

అసలు ప్రతివాది శంషాబాద్‌లో మీకు సరుకు అమ్మిన షాపు. విమానం మారతామని మీరు ముందే చెప్పారు. పరవాలేదన్నారు. పనికిరాని సీలుతో సంచి ఇచ్చారు. అంటుకోని సంచి పక్కన పడేసి ఇంకోటి తీసి వేస్తే ఒక్క నిమిషం పని. ఇది 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(11) సెక్షన్ చెప్పే సేవాలోపం. నిర్లక్ష్యం వల్ల వినియోగదారుడికి నష్టం కలిగితే అది కూడా సేవాలోపమేనని ఆ సెక్షన్‌లోనే ఉంది. కొన్నది హైదరాబాద్‌లోనైనా మీరు హైదరాబాద్ తిరగక్కర్లేదు. 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే ప్రాంతం ఏ జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

అయితే షాపు వాళ్ళు ఏం చెబుతారో ఇప్పుడే ఊహించండి. "మేము సీలు సరిగ్గానే వేశాం, విమానంలో వాళ్ళే విప్పి టేపు అంటించుకున్నారు" అంటారు. దానికి మీ దగ్గర జవాబు ఉండాలి. ముందు మీరిద్దరూ కూర్చుని నిజం చెప్పుకోండి. కౌంటర్ దాటాక సెంటు సీసా సర్దడానికో, ఇంకేదైనా పెట్టడానికో ఆ టేపు ఒక్కసారైనా ఎత్తారా? ఎత్తి ఉంటే కేసు వేయకండి. ఎత్తలేదంటే మిగతాది చదవండి.

ఇక్కడ మిమ్మల్ని మందలించక తప్పదు. కౌంటర్ దగ్గర జరిగింది అక్కడి కెమెరాలో పడే ఉంటుంది. మాంచెస్టర్‌లో దిగిన వారంలోనే షాపుకు ఒక ఈమెయిల్ పెట్టి, ఆ రోజు రికార్డింగ్ చెరిపేయవద్దని రాసి ఉంటే ఈ కేసు సగం గెలిచినట్టే. ఇన్ని నెలలు ఎవరూ ఉంచరు. ఎయిర్‌లైన్‌కి రాసే ఓపిక ఉన్నవాళ్ళు షాపుకు ఎందుకు రాయలేదు? బిల్లేమో సంచిలోనే ఉండి సంచితోపాటే పోయింది. సీలు సంచితో వచ్చే చిక్కే అది. అందుకే బిల్లు సంచిలోకి వెళ్ళకముందే ఫోటో తీసుకోవాలని చెబుతుంటాను.

ఇప్పుడు మిగిలిన సాక్ష్యం చూద్దాం. మీవారి కార్డు స్టేట్‌మెంట్ కొనుగోలును రుజువు చేస్తుంది. డ్యూటీ ఫ్రీలో పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ చూసి బిల్లు వేస్తారు కనుక, ఆ వివరాలూ తేదీ ఇచ్చి నకలు బిల్లు అడగవచ్చు. అన్నిటికంటే విలువైనది మీ అమ్మాయి మర్నాడే పెట్టిన ఈమెయిల్. అందులో షాపులోనే టేపు వేశారన్న మాట ఉందా లేదా మీరు రాయలేదు. ఉంటే, కేసు ఆలోచన లేని రోజున చెప్పిన మాటగా దానికి చాలా బలం ఉంటుంది. షాపు వాదనకు అదే సూటి జవాబు. విమానం ఎక్కకముందు గేటు దగ్గర కూర్చుని అమ్మాయికి వాట్సాప్‌లో ఫోటోలు పంపారా? ఆ సంచి కనబడే ఫోటో ఒక్కటి దొరికినా, సమయంతో సహా అది ముఖ్యం. వాట్సాప్‌లో వెళ్ళిన ఫోటోకు తీసిన సమయం లాంటి అసలు వివరాలు పోతాయి. తీసిన ఫోన్ కావాలి. ఆ ఫోన్ మార్చేసి ఇంట్లో పిల్లలకో బంధువులకో ఇచ్చి ఉంటే, రీసెట్ చేయకుండా ఈ రోజే వెనక్కి తెప్పించండి. ఫోన్‌లోని ఫోటోనూ ఈమెయిల్‌నూ దాఖలు చేసేటప్పుడు 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, అవి అసలైనవేనని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య నిబంధనలను సివిల్ కోర్టంత బిగువుగా పట్టించుకోకపోయినా, అవతలి వకీలుకు ఆ సందు ఇవ్వకండి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళు. సంచి పడేసిన రోజు నుంచి లెక్కించవచ్చని వాదించవచ్చు, కానీ మీరు కొన్న రోజు నుంచే లెక్క వేసుకోండి. చేతిలో రెండు నెలలు కూడా లేవనుకోండి. ఇక్కడే చాలామంది మునిగిపోతారు. లాయరు నోటీసు ఇస్తారు, జవాబు కోసం చూస్తారు, మళ్ళీ గుర్తుచేస్తారు, ఈలోగా రెండేళ్ళు దాటిపోతాయి. నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు, ఉత్తరాలు రాసుకున్నంత మాత్రాన పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, తగిన కారణం చూపాలి. వరదకు ఇల్లు మునగడం కొన్ని వారాల ఆలస్యానికి కారణమవుతుంది. మిగతా ఏడాదిన్నరకు కాదు. ఆ అవసరమే రానివ్వకండి.

ఇన్సూరెన్స్ సలహా ఇచ్చినాయన్ని దయచేసి దూరం పెట్టండి. చెక్-ఇన్ బ్యాగు పోతే బెల్టు దగ్గరే ఎయిర్‌లైన్‌కి చెప్పి రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోవాలి. మీ దగ్గర అది లేదు. మీ బ్యాగులు మీకు అందాయని ఎయిర్‌లైన్ రికార్డే చెబుతుంది. పైగా సీసాలు చేతిసంచిలో ఉన్నాయని మీ అమ్మాయే ఈమెయిల్‌లో రాసింది. అబద్ధపు క్లెయిమ్ పెడితే అది మోసం, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్. ఆ కాగితం షాపు వాళ్ళకు దొరికిన రోజున మీ నిజమైన కేసు కూడా చచ్చిపోతుంది. అలాగే కమిషన్ ముందు అఫిడవిట్‌లో ఒక్క మాట కూడా పెంచి రాయకండి. జిల్లా కమిషన్ విచారణ చట్టం దృష్టిలో న్యాయ విచారణే. అక్కడ తప్పుడు సాక్ష్యానికి న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. సీలు సంచి అసలు ఇవ్వనే లేదని రాస్తే కేసు తేలికవుతుందని ఎవరైనా చెప్పినా వినకండి. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి చేత ఆ సంతకం పెట్టించకండి.

పది లక్షల మాట వదిలేయండి. సరుకు ధర, దాని మీద వడ్డీ, మనోవేదనకు సబబైన మొత్తం, ఖర్చులు అడగండి. బీపీ సంగతికి అక్కడి వైద్యుడి కాగితం ఉంటే జతచేయండి, లేకపోతే ఒక్క వాక్యంతో సరిపెట్టండి. జిల్లా కమిషన్‌లో చెల్లించిన ధర అయిదు లక్షల దాకా ఉంటే ఫీజు లేదు. కొనుగోలు మీవారి పేరున జరిగింది కనుక ఫిర్యాదుదారుగా ఆయనే ఉండాలి. మీరు సాక్షిగా అఫిడవిట్ ఇవ్వండి.

ఈ వారం షాపుకు ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి. జరిగింది నాలుగు వాక్యాల్లో రాసి, నకలు బిల్లు, ధర వాపసు అడిగి, 15 రోజులు గడువివ్వండి. అదే రోజు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. పేరున్న షాపులు చాలాసార్లు ఇక్కడే దారికొస్తాయి, ఇంత చిన్న మొత్తానికి కమిషన్ మెట్లు ఎక్కడం వాళ్ళకూ నష్టమే. ఈలోగా ఫిర్యాదు సిద్ధం చేసుకోండి. పదహారో రోజున జవాబు వచ్చినా రాకపోయినా, మాట్లాడుకుందాం రమ్మన్నా, డబ్బు చేతికి రాకపోతే, కమిషన్ ఫిర్యాదులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేసేయండి. రాజీ ఆ తర్వాతైనా చేసుకోవచ్చు.

మళ్ళీ వెళ్ళేటప్పుడు ఆవకాయ, నెయ్యి చేతిసంచిలో పెట్టుకోకండి, అవీ ఈ 100 మి.లీ. లెక్కలోకే వస్తాయి. డ్యూటీ ఫ్రీలో సంచి సీలు వేసేటప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి చూడండి. పట్టీ అంటుకోకపోతే కొత్త సంచి అడగండి. ఇవ్వనంటే సరుకు అక్కడే వదిలేసి డబ్బు వెనక్కి తీసుకోండి.